గుండె చుట్టూ చీము: మందొక్కటే ఎందుకు చాలదు?

క్లుప్తంగా: గుండెను చుట్టి ఉన్న పొరల మధ్య బ్యాక్టీరియా చేరి చీము పడితే రోజుల్లోనే, ఒక్కోసారి గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. యాంటీబయాటిక్ ఎంత గట్టిదైనా చీము బయటికి తీయనిదే జబ్బు లొంగదు. అదే చోట టీబీ వల్ల నీరు చేరితే చికిత్స దారి వేరు, కాలం వేరు. ఏది ఏమిటో చెప్పేది ఆ నీటి పరీక్షే.

## రిపోర్టు ఒకటే, జబ్బు వేరు

గుండెకు తీసే స్కాన్, అంటే ఎకో రిపోర్టులో "పెరికార్డియల్ ఎఫ్యూజన్" అని కనబడగానే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. అదే మాట ఉన్న రిపోర్టుతో తిరుపతి ఆసుపత్రికి వెళ్లిన ఒకరికి ఆరు నెలల మాత్రలు రాస్తారు, ఇంకొకరికి ఆ రాత్రే ఛాతీలోకి పైపు వేస్తారు, మూడో మనిషికి నొప్పి మాత్రలిచ్చి పంపేస్తారు. పక్క బెడ్డు వాళ్లకు అంత సులువుగా పోయింది, మాకెందుకు ఇంత అని అడిగేవాళ్లు ప్రతి వార్డులోనూ ఉంటారు. గుండె పొరలో నీరు చేరిందని మాత్రమే ఆ రిపోర్టు చెబుతుంది. ఎందుకు చేరిందో చెప్పదు.

దీనికి తోడు మరో తికమక ఉంది. "గుండెకు నీరు పట్టింది" అనే మాటను గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి దిగిన నీటికీ వాడతారు, ఊపిరితిత్తికి బయట చేరే నీటికీ వాడతారు, గుండె పొరలో చేరే నీటికీ వాడతారు. మొదటి రకంలో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు మనిషిని నిలబెడతాయి. గుండె పొర నిండిపోయి గుండెను నొక్కుతున్న సమయంలో మాత్రం అవే మాత్రలు పడితే బీపీ దిగిపోయి మనిషి కుప్పకూలవచ్చు. పాత చీటీ చూపించి మందుల షాపులో నీటి మాత్రలు కొనుక్కోవడం ఇక్కడ నిజంగా ప్రమాదం.

## కొద్దిపాటి చీముకే గుండె ఎందుకు ఆగిపోతుంది

గుండె రెండు పొరల సంచిలో కదులుతూ ఉంటుంది. ఆ పొరల మధ్య మామూలుగా 15 నుంచి 50 మిల్లీలీటర్ల పల్చటి ద్రవం ఉంటుంది, గుండె కొట్టుకునేటప్పుడు రాపిడి లేకుండా. బయటి పొర కొత్త తోలు చెప్పు లాంటిది. వాడగా వాడగా సాగుతుంది గానీ ఒక్క పూటలో సాగదు. అందుకే టీబీలో వారాల తరబడి కొంచెం కొంచెంగా నీరు ఊరితే లీటరు దాటినా మనిషి ఆయాసపడుతూనే పనులు చేసుకోగలడు. చీము వేగంగా చేరితే 150-200 మిల్లీలీటర్లకే ప్రాణాపాయం వస్తుంది. ఎంత చేరిందన్న దానికంటే ఎంత వేగంగా చేరిందన్నదే ముఖ్యం.

ఒత్తిడి ముందుగా పడేది కుడి వైపు గదుల మీద. వాటి గోడలు పల్చన, లోపలి ఒత్తిడి తక్కువ. ఒళ్లంతా తిరిగి వచ్చిన రక్తం అక్కడికే చేరాలి. గది తెరుచుకోకపోతే రక్తం లోపలికి రాదు, రాని రక్తాన్ని గుండె బయటికి పంపలేదు. మెడ నరాలు ఉబ్బుతాయి, నాడి వేగం పెరుగుతుంది, బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది. ఈ స్థితిని టాంపొనేడ్ అంటారు. బీపీ తగ్గడం, మెడ నరాలు ఉబ్బడం, స్టెతస్కోపులో గుండె శబ్దం దూరంగా వినిపించడం, ఈ మూడింటినీ కలిపి 1935లో అమెరికన్ సర్జన్ క్లాడ్ బెక్ వివరించాడు. వైద్య విద్యార్థులు ఇప్పటికీ అదే చదువుతారు.

ఎకో మిషన్ లేని చోట కూడా దీన్ని అనుమానించడానికి ఒక పాత పద్ధతి ఉంది. చేతికి బీపీ పట్టీ కట్టి, గాలిని చాలా మెల్లగా వదులుతూ స్టెతస్కోపుతో వినాలి. మొదట్లో శబ్దం ఊపిరి వదిలినప్పుడే వినిపించి, పీల్చినప్పుడు మాయమవుతుంది. ఇంకొంచెం దింపితే పీల్చినా వదిలినా ఆగకుండా వినిపిస్తుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా 10 మిల్లీమీటర్లు దాటితే గుండె పొర నొక్కుతోందేమో చూడాలి. ఆస్తమా తీవ్రంగా ఉన్నవారిలోనూ ఈ తేడా కనబడుతుంది కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. బటన్ నొక్కితే అంకె చూపించే మిషన్లతో ఇది తెలియదు. చేత్తో కొట్టే పాత పరికరం కావాలి. జర్మన్ వైద్యుడు కుస్‌మౌల్ 1873లో నాడి పట్టుకుని గమనించిన విషయం ఇది. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు మూడు నిమిషాల పని. అంత తేలికైన పరీక్ష రోజువారీ అలవాటుగా లేకపోవడం విచారకరం.

## చీము ఎక్కడి నుంచి వస్తుంది

గుండె పొరకు బయటి గాలితో సంబంధం లేదు. బ్యాక్టీరియా అక్కడికి చేరాలంటే పక్కింటి గోడ దాటి రావాలి, లేదా రక్తంలో కొట్టుకు రావాలి. పక్క నుంచి వచ్చేది ఎక్కువగా న్యుమోనియా. మనవాళ్లు నెమ్ము అనే ఆ జబ్బు ముదిరి ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టినప్పుడు అది గుండె పొరకు పాకుతుంది. న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా ఈ దారిలో వచ్చేదే. కాలేయం ఎడమ భాగంలో పెరిగిన గడ్డ పైకి పగిలినా, చేప ముల్లో ఎముక ముక్కో గుచ్చుకుని అన్నవాహికకు చిల్లు పడినా, ఛాతీ ఆపరేషన్ తర్వాత కుట్టు లోపల ఇన్ఫెక్షన్ అయినా అదే గతి. రక్తంలో వచ్చే వాటిలో స్టెఫైలోకాకస్ ఆరియస్ ముందుంటుంది. కాలి మీద సెగగడ్డ, పిల్లల్లో ఎముకకు పట్టిన చీము, డయాలిసిస్ కోసం మెడ దగ్గర పెట్టిన గొట్టం, ఏదైనా దానికి మొదలు కావచ్చు.

యాంటీబయాటిక్‌లు రాకముందు ఇది ఎక్కువగా న్యుమోనియా వచ్చిన పిల్లల్లో, యువకుల్లో కనిపించేది. ఇప్పుడు మొత్తం మీద అరుదైపోయింది. కనిపించినా మధుమేహం అదుపులో లేనివారిలో, కిడ్నీలు పాడైనవారిలో, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారిలో ఎక్కువ. దక్షిణాదిలో ఇంకో పేరు కూడా గుర్తుంచుకోవాలి: మెలియాయిడోసిస్. తడి మట్టిలో, బురద నీళ్లలో ఉండే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. షుగర్ ఉన్న రైతులకు, కూలీలకు వానల కాలంలో సోకుతుంది, అచ్చం టీబీలాగే కనబడి దారి తప్పిస్తుంది.

## ఆలస్యం ఎక్కడ జరుగుతుంది

పేరులో గుండె ఉన్నా, ఈ జబ్బులో గుండె నొప్పి ఉండి తీరాలని లేదు. తీవ్రమైన జ్వరం, చలి, ఆయాసం, నాడి పరుగు, ఇవే పైకి కనబడేవి. పల్లెలో ఇలాంటి జ్వరానికి మొదట పడే పేరు టైఫాయిడ్. వైడాల్ పరీక్షలో ఏదో ఒక అంకె వస్తుంది, సెలైన్‌లో యాంటీబయాటిక్ కలిపి మూడు రోజులు ఎక్కిస్తారు. జ్వరం కొంచెం దిగుతుంది. బ్యాక్టీరియా చావదు, కానీ తర్వాత ల్యాబులో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో మొలవనంతగా నలిగిపోతుంది. పెద్దాసుపత్రికి చేరేసరికి చీము ఉంటుంది, అందులో ఏ క్రిమి ఉందో చెప్పే సాక్ష్యం ఉండదు. అందుకే మొదటి డోసుకు ముందే రక్తం కల్చర్‌కు తీయమని వైద్య మార్గదర్శకాలు అంత గట్టిగా చెబుతాయి. అప్పటికే మందు పడి ఉంటే ఆ మందు చీటీ, ఖాళీ సీసా వెంట తీసుకెళ్లడం డాక్టరుకు చాలా పెద్ద సాయం.

రెండో పొరపాటు ఈసీజీ దగ్గర. గుండె పొర వాచినప్పుడు ఈసీజీలో కొన్ని గీతలు పైకి లేస్తాయి. గుండెపోటులోనూ లేస్తాయి. గుండెపోటులో ఒక వైపు లీడ్లలోనే, అంటే ఒంటికి తగిలించిన తీగల్లో కొన్నిటి గీతల్లోనే లేస్తాయి, పొర వాపులో దాదాపు అన్నిటా లేస్తాయి. అది గమనించకుండా గుండెపోటనుకుని రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే, వాచిన పొరలోకి రక్తస్రావమై టాంపొనేడ్ రావచ్చు. జ్వరంతో వచ్చిన మనిషి ఈసీజీ ఇలా ఉంటే, సూది వేసే ముందు ఎకో ప్రోబ్ ఒక్కసారి ఛాతీ మీద పెట్టి చూడటం దండగ పని కాదు.

ఎక్స్‌రే కూడా తొందరగా పట్టివ్వదు. 200 మిల్లీలీటర్లకు పైగా చేరితే గానీ గుండె నీడ పెద్దగా కనబడదు. అసలైన పరీక్ష ఎకోనే. గుండె చుట్టూ నల్లటి పట్టీలా కనబడేది నీరు. అందులో పోగుల్లా, తెరల్లా ఏవైనా ఊగుతుంటే లోపల చిక్కటి పదార్థం ఉన్నట్టు. కుడి గది గోడ లోపలికి నలిగిపోతుంటే ఇక ఆగే సమయం లేనట్టు.

## సూది, పైపు, కోత

చీము పట్టిన గుండె పొరకు చికిత్స అంటే ముందు దాన్ని బయటికి తీయడమే. రొమ్ము ఎముక చివర, కడుపు మొదలయ్యే చోట చర్మానికి మత్తిచ్చి, ఎకోలో చూసుకుంటూ సన్నటి సూదిని ఎడమ భుజం వైపు నడిపిస్తారు. ఎకోలో నీరు ఎక్కడ ఎక్కువగా ఉంటే అక్కడ, పక్కటెముకల మధ్య నుంచీ వెళ్లవచ్చు. సూది లోపలికి చేరాక తీగ వేసి, దాని మీదుగా చివర పంది తోకలా చుట్టుకునే పైపును లోపల ఉంచుతారు. కొన్నిసార్లు మొదటి 50-100 మిల్లీలీటర్లు బయటికి రాగానే బీపీ లేస్తుంది. బెడ్ పక్కనున్న వాళ్లకు కూడా తేడా తెలుస్తుంది.

సిరంజిలోకి వచ్చే ద్రవం రంగే సగం కథ చెబుతుంది. గడ్డి రంగులో తేటగా ఉంటే వైరస్ కావచ్చు, టీబీ కావచ్చు. ఎర్రగా ఉంటే టీబీ గానీ, క్యాన్సర్ గానీ. పచ్చగా, చిక్కగా ఉంటే చీమే. ముక్కు మూసుకునేంత వాసన వస్తే గాలి లేకుండా బతికే బ్యాక్టీరియాలు ఉన్నట్టు. చాక్లెట్ రంగులో వస్తే కాలేయంలోని అమీబా గడ్డ పగిలిందేమో చూడాలి. అయినా రంగు చూసి మందు నిర్ణయించరు. తీసిన ద్రవాన్ని సీసాలకు పంచుతారు: కణాల లెక్క, గ్లూకోజు, ప్రొటీన్, రంగు వేసి క్రిమిని చూసే గ్రామ్ స్టెయిన్, కల్చర్, టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్, టీబీలో పెరిగే ఒక ఎంజైమును కొలిచే ఏడీఏ, క్యాన్సర్ కణాల పరీక్ష. చీములో గ్లూకోజు బాగా తక్కువ, న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు బాగా ఎక్కువ. టీబీలో ఎక్కువగా లింఫోసైట్లు అనే మరో రకం తెల్ల కణాలు ఉంటాయి. అన్ని సీసాలూ ఒకేసారి పంపకపోతే తర్వాత ఆ ద్రవం మళ్లీ దొరకకపోవచ్చు.

చిక్కేమిటంటే, చీము సన్నటి పైపులోంచి సులువుగా రాదు. ఫైబ్రిన్ అనే జిగురు దాన్ని అరలు అరలుగా విడగొడుతుంది. ఒక అర ఖాళీ అయినా పక్క అర నిండే ఉంటుంది. అప్పుడు రెండు దారులు. ఫైబ్రిన్‌ను కరిగించే మందును పైపులోంచి లోపలికి పంపడం ఒకటి. స్ట్రెప్టోకైనేజ్, యూరోకైనేజ్, ఆల్టెప్లేజ్ ఇందుకు వాడినవే. మంచి ఫలితాలు వచ్చినా, ఇంతవరకు ఉన్న అనుభవం ఎక్కువగా కొద్దిమంది రోగుల వివరాల మీద ఆధారపడినదే. రెండోది సర్జన్ రొమ్ము ఎముక కింద చిన్న కోత పెట్టి, పొరకు కిటికీ తెరిచి, వేలితో అరలు విడగొట్టి, సెలైన్‌తో కడిగి పెద్ద పైపు పెట్టడం. చీము చిక్కగా ఉందని తెలిసినప్పుడు ఈ రెండో దారికే యూరోపియన్ గుండె వైద్యుల సంఘం 2015 మార్గదర్శకాలు మొగ్గు చూపుతాయి. సూదితో వస్తుందేమోనని రోజులు గడపడం కంటే సర్జన్‌ను ముందే పిలవడం మేలు.

## అక్కడికి చేరడం

ఇక్కడి భూగోళం కూడా చికిత్సలో భాగమే. తిరుపతిలో రుయా, స్విమ్స్ అనే పెద్దాసుపత్రులు దగ్గరదగ్గరలోనే ఉన్నాయి. పిల్లలకైతే 2021లో టీటీడీ ప్రారంభించిన శ్రీ పద్మావతి చిన్న పిల్లల హృదయాలయం ఉంది. చిత్తూరు వాళ్లకు తిరుపతి కంటే వేలూరు దగ్గర. కుప్పం నుంచి తిరుపతికి రావాలంటే జిల్లా అంతా దాటాలి. టాంపొనేడ్‌లో ఉన్న మనిషిని అంత దూరం అంబులెన్సులో పడుకోబెట్టి తేవడం కష్టం. అలాంటివారు పడుకోలేరు కూడా, దిండు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంటారు. ఎకో, చెయ్యి తిరిగిన ఫిజీషియన్ దగ్గరలోనే ఉంటే అక్కడే సూదితో కొంత తీసి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి పంపడం సరైన క్రమం. దారిలో సెలైన్ కాస్త ఆసరా ఇస్తుంది. ఊపిరి మిషన్ మీద పెట్టడం తప్పనిసరి అయితే తప్ప మంచిది కాదు. మిషన్ గాలిని నెట్టినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి, గుండెకు వచ్చే కొద్దిపాటి రక్తం కూడా తగ్గిపోతుంది.

## యాంటీబయాటిక్: ఏది, ఎన్నాళ్లు

చీము తీయకుండా యాంటీబయాటిక్‌తోనే ఎందుకు కాదు? మందు రక్తంలోంచి గుండె పొర ద్రవంలోకి బాగానే చేరుతుంది. అందుకే పైపులోంచి యాంటీబయాటిక్ పోయవలసిన అవసరం మామూలుగా ఉండదు. మందు చేరిన తర్వాతే అసలు చిక్కు మొదలవుతుంది. చీములో రక్తనాళాలు ఉండవు, పులుపు గుణం ఎక్కువ, బ్యాక్టీరియా సంఖ్య లెక్కకు మించి ఉంటుంది. అవి మెల్లగా పెరుగుతుంటాయి కాబట్టి పెరిగే క్రిమిని చంపే పెన్సిలిన్ జాతి మందులకు అంతగా దొరకవు. మందు చేసే పని సగం, చీము తీయడం సగం.

కల్చర్ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతదాకా ఎక్కువ క్రిములను కవర్ చేసే మందులు ఇస్తారు: మామూలు మందులకు లొంగని మొండి స్టెఫైలోకాకస్ కోసం వాంకోమైసిన్, దానితో పాటు సెఫ్ట్రియాక్సోన్ లేదా పిపరాసిలిన్-టాజోబాక్టమ్, ఆసుపత్రిలో సోకినదైతే మెరోపెనెమ్. ఫలితం వచ్చాక ఆ క్రిమికి సరిపోయే మందు ఒక్కటే ఉంచి మిగతావి ఆపాలి. ఇది ఖర్చు తగ్గించడానికే కాదు, కిడ్నీని కాపాడటానికి కూడా. మెలియాయిడోసిస్ అయితే సెఫ్ట్రియాక్సోన్ మీద నమ్మకం పెట్టుకోలేం. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెమ్ గానీ వారాల తరబడి ఎక్కించి, ఆ తర్వాత కోట్రైమోక్సాజోల్ మాత్రలు కనీసం మూడు నెలలు వాడాలి.

మామూలు చీముకు నరం ద్వారా మందు సాధారణంగా మూడు నాలుగు వారాలు పడుతుంది. జ్వరం పోయిందని పదో రోజున ఇంటికి వెళ్లిపోతామనే కుటుంబాలు ఉంటాయి. పొలం పనులు, బెడ్ దగ్గర ఉండే మనిషి కూలి పోవడం, ఆ ఒత్తిడి నిజమైనదే. అయినా ఎకోలో నీరు తిరిగి చేరడం లేదని తేలేదాకా ఆగాలి. చికిత్స అందిన వారిలో కూడా మరణాలు 40 శాతం వరకు ఉంటాయని వైద్య గ్రంథాలు చెబుతాయి. అందనివారిలో బతికి బయటపడేవారు దాదాపు ఉండరు.

వైరస్ వల్ల పొర వాచినప్పుడు ఇచ్చే నొప్పి మాత్రలు, కాల్చిసిన్ ఈ జబ్బును నయం చేయవు. స్టెరాయిడ్ అయితే చీము ఉన్నచోట నిప్పు మీద బూడిద కప్పుతుంది, అంతే. జ్వరం దిగుతుంది, ఇన్ఫెక్షన్ లోలోపల పెరుగుతుంది.

## టీబీ అయితే లెక్క మారుతుంది

టీబీ క్రిమి కూడా బ్యాక్టీరియానే. మన దేశంలో గుండె పొరలో నీరు ఎక్కువగా చేరిన పెద్దవారిలో మొదట అనుమానించేది దాన్నే. ఈ ప్రాంతానికి టీబీతో పాత పరిచయం ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి వందేళ్లకు పైగా చరిత్ర ఉంది. మందులు లేని రోజుల్లో పొడి గాలి, విశ్రాంతి, మంచి తిండే అక్కడి వైద్యం. దేశంలో బీసీజీ టీకా తొలి అడుగులు 1948లో పడింది కూడా మదనపల్లెలోనే.

టీబీలో నీరు మెల్లగా చేరుతుంది. సాయంత్రం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం ముందు నడుస్తాయి. కళ్లె పరీక్షలో ఏమీ రాకపోవచ్చు, ఎందుకంటే క్రిమి ఉన్నది ఊపిరితిత్తిలో కాదు. గుండె పొర నీటిలో సీబీనాట్ పాజిటివ్ వస్తే సందేహం తీరుతుంది, నెగెటివ్ వస్తే మాత్రం టీబీ లేదని అనుకోకూడదు. ఆ ద్రవంలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. అప్పుడు ఏడీఏ 40 యూనిట్లు దాటడం, లింఫోసైట్లు ఎక్కువగా ఉండటం, లక్షణాలు కలిపి చూసి నిర్ణయిస్తారు. మందులు మామూలుగా ఆరు నెలలు: మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత మూడు. ప్రభుత్వ కార్యక్రమంలో ఇవి ఉచితం. పోషణ కోసం ఇచ్చే నెలకు 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు.

చీములో హాని చేసే స్టెరాయిడ్‌కు ఇక్కడ చోటు ఉంది. 2014లో వెలువడిన ఆఫ్రికా అధ్యయనంలో 1,400 మందిని పరిశీలించారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వల్ల మొత్తం మరణాలు తగ్గలేదు. అయితే పొర గట్టిపడటం దాదాపు సగానికి తగ్గింది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో కొన్ని క్యాన్సర్లు పెరిగాయి. అందుకే ఎవరికి ఇవ్వాలన్నది ఆలోచించి తేల్చవలసిన విషయం. ఒకే మందు ఒక జబ్బులో ఆసరా, ఇంకో జబ్బులో ముప్పు. నీటిని పరీక్షించకుండా "చూద్దాం" అని రెండు రకాల మందులూ మొదలుపెట్టడం సరికాదనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

## నెలల తర్వాత వచ్చే చిక్కు

చీమైనా టీబీ అయినా పోయాక మచ్చ మిగులుతుంది. కొందరిలో రెండు పొరలూ అతుక్కుని, దళసరెక్కి, సున్నం పట్టి గుండెను బిగించేస్తాయి. టీబీలో రిఫాంపిసిన్ ఉన్న మందులు వాడినా ఇది 17 నుంచి 40 శాతం మందిలో వస్తుందని 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది మొదట గుండె జబ్బులా కనబడదు. పొట్ట ఉబ్బుతుంది, కాళ్లు వాస్తాయి, తిన్నది సహించదు. కాళ్ల కంటే పొట్టలోనే నీరు ముందు, ఎక్కువగా కనబడవచ్చు. లివర్ పాడైందని నెలల తరబడి మందులు వాడినవారు, మందు తాగే అలవాటే లేకపోయినా తాగుబోతు ముద్ర మోసినవారు వీరిలో ఉంటారు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయేమో చూస్తే చాలు, దారి లివర్ నుంచి గుండె వైపు మళ్లుతుంది. లివర్ జబ్బు ఒక్కటే ఉన్నవారిలో ఆ నరాలు సాధారణంగా అలా ఉబ్బవు.

వాపు ఇంకా తాజాగా ఉన్నప్పుడైతే రెండు మూడు నెలలు మందులతో చూడవచ్చు, కొందరిలో బిగువు దానంతట అదే వదులుతుంది. గట్టిపడిపోయిన పొరకు మందు లేదు. దాన్ని గుండె మీద నుంచి ఒలిచి తీసే ఆపరేషన్ చేయాలి. ఆ ఆపరేషన్ ఫలితం రోగి ఎంత తొందరగా వచ్చాడన్న దాని మీదే ఆధారపడుతుంది. కండరాలు కరిగిపోయి, లివర్, కిడ్నీ దెబ్బతిన్నాక వచ్చినవారికి ముప్పు చాలా ఎక్కువ. అందుకే డిశ్చార్జి చీటీలో మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ ఎకో తీయించుకోమని రాసినప్పుడు, జ్వరం లేకపోయినా, ఒంట్లో బాగున్నా ఆ తేదీలకు వెళ్లి తీయించుకోవాలి.